జర్మన్ అబ్బాయిని చేసుకోవాలంటే ముందు అమ్మమ్మగారి ఊరెళ్లాలి

మాది తణుకు. మా ఆయనది జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఓ చిన్న ఊరు. మా పెళ్లయిన దగ్గర్నుంచి నెలకొకరైనా ఫోన్ చేసి, "అక్కా, ఏ వీసాకి అప్లై చెయ్యాలి?" అని అడుగుతుంటారు. వీసా సంగతి తర్వాత, ముందు నీ బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుందో చెప్పు అంటాను. చాలామంది దగ్గర ఉండదు. నా దగ్గరా లేదు.

అసలు పెళ్లి ఏ దేశంలో చేసుకోవాలన్నది మొదట తేల్చుకోండి. కాగితాల పనంతా దాన్ని బట్టే ఉంటుంది. నేను అప్పటికే బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి అక్కడే చేసుకుందామనుకున్నాం. అక్కడ పెళ్లిళ్లు రిజిస్టర్ చేసే ఆఫీసును స్టాండెస్‌అమ్ట్ అంటారు. విదేశీయులు ఎవరైనా సరే, "ఈ వ్యక్తి పెళ్లి చేసుకోవడానికి మా చట్టం ప్రకారం అడ్డేమీ లేదు" అని సొంత దేశం ఇచ్చిన పత్రం తేవాలి. మన దేశం అలాంటిది ఇవ్వదు. అందుకని ఆ పత్రం నుంచి మినహాయింపు కోరుతూ స్టాండెస్‌అమ్ట్ ద్వారానే పై కోర్టుకు దరఖాస్తు వెళ్తుంది. మా అప్పుడు ఫీజు 15 యూరోల నుంచి 305 యూరోల దాకా, ఆదాయాన్ని బట్టి వేసేవారు. ఈ మినహాయింపు ఇచ్చే ముందు మన కాగితాలు నిజమైనవో కాదో చూస్తారు. ఆలస్యమంతా అక్కడే.

ఇక్కడ చాలామంది డబ్బులు పోగొట్టుకునే మాట ఒకటుంది. హైదరాబాద్‌లో ఏజెంట్‌ని పట్టుకుని బర్త్ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ స్టాంపు, అంటే ఈ కాగితం అసలైనదేనని విదేశాల కోసం మన ప్రభుత్వం వేసే ముద్ర, వేయించుకుని వస్తారు. అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల మన అపోస్టిల్ జర్మనీలో చెల్లదు. అక్కడి ఆఫీసు అడిగితే, మన దేశంలోని జర్మన్ కాన్సులేట్ ఒక లోకల్ అడ్వకేట్‌ని నియమిస్తుంది. ఆయన మీ పుట్టిన ఊరికి, మీ బడికి, మీ వీధికి వెళ్లి విచారించి రిపోర్టు రాస్తాడు. ఖర్చు మీదే. మాకు ఐదు నెలలు పట్టింది.

ఇక నా బర్త్ సర్టిఫికెట్ కథ. మా అమ్మకు నేను తొలి కాన్పు, అంటే పురుడు పుట్టింట్లోనే. అమలాపురం దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో, 1991లో, మంత్రసాని చేతుల మీద పుట్టాను. నాన్న తణుకు మున్సిపాలిటీలో వెతికించి, లేదని బెంగపడ్డారు. అక్కడెందుకుంటుంది? జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. తొలి కాన్పు పిల్లలందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వెతకాల్సింది అమ్మమ్మ ఊళ్లో. ఆ పంచాయతీ రిజిస్టర్లోనూ నా పేరు లేదు. అప్పుడు మొదట "రికార్డుల్లో లేదు" అని రాతపూర్వకంగా పత్రం తీసుకోవాలి. దాంతోపాటు టెన్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్, అఫిడవిట్ పెట్టి ఆలస్యపు నమోదుకు మీసేవలో దరఖాస్తు. తహసీల్దార్ ఆఫీసు విచారణ, ఆపైన ఆర్డీఓ ఉత్తర్వు. 2022 వేసవిలో మొదలుపెడితే సెప్టెంబర్‌కి చేతికొచ్చింది.

వచ్చాక చూస్తే కొత్త తలనొప్పి. పాస్‌పోర్ట్‌లో పుట్టిన చోటు తూర్పు గోదావరి అని ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, కొత్త సర్టిఫికెట్‌లో కోనసీమ అని పడింది. జర్మన్ గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టుకుని, "మీరు రెండు చోట్ల పుట్టారా?" అని అడిగింది. నవ్వుతూ కాదు. జిల్లాల విభజన ఉత్తర్వు కాపీ, దాని జర్మన్ అనువాదం ఇచ్చాకే ఆ ఫైలు కదిలింది. తెలంగాణ వాళ్లకూ ఇదే గొడవ. 2014కు ముందు వరంగల్లో పుట్టినవాళ్ల కాగితాల మీద ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, 2016లో జిల్లాలు కూడా మారిపోయాయి. ఆ ఉత్తర్వు కాపీ ముందే ఒకటి ఫైల్లో పెట్టుకోండి.

పేర్ల సంగతి ఇంకా ఉంది. అమ్మ పేరు సత్యవతి. ఇంగ్లిష్‌లో చివరి 'త'కి ఆధార్లో టీహెచ్, నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఉత్త టీ. మనకది పట్టించుకోవాల్సిన తేడానే కాదు. వాళ్లకు ఇద్దరు వేరువేరు ఆడవాళ్లు. నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలోకి పోయి వెనక్కొచ్చింది. కొందరికైతే ఇంటిపేరు ఒట్టి అక్షరంగానే ఉంటుంది, ఆ అక్షరం దేనికో నిరూపించాలి. కాబట్టి పాస్‌పోర్ట్, ఆధార్, టెన్త్, బర్త్ సర్టిఫికెట్ నాలుగూ ఒక మంచం మీద పరిచి, మీ పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, తేదీ, ఊరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇక్కడే దిద్దించుకోండి. మా నాన్న టీచర్ కాబట్టి నా పుట్టినరోజు సరిగ్గానే పడింది. బళ్లో వేసేటప్పుడు మాస్టారు జూన్ తేదీ ఒకటి రాసేసిన వాళ్లు మాత్రం ముందుగా మంచి లాయర్ని కలవండి, సొంత తెలివితేటలు వద్దు.

కాగితం తెలుగులో మాత్రమే ఉంటే, తెలుగు నుంచి జర్మన్‌లోకి అనువదించే కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులు దొరకడం కష్టం. ఇంగ్లిష్ కూడా ఉన్న కాపీ అడిగి తీసుకోండి.

అవివాహిత అని అమ్మానాన్నలు నోటరీ అఫిడవిట్ ఇచ్చారు. అయిపోయిందనుకున్నాం. 2023 ఫిబ్రవరిలో విచారణకు ఒకాయన మోటార్ సైకిల్ మీద మా వీధికొచ్చాడు. మా ఇంటికి రాలేదు, ముందు ఎదురింటికెళ్లాడు. ఎదురింటి పిన్నిగారు చాలా మంచావిడ. ఆయనకు మజ్జిగిచ్చి, కుర్చీ వేసి, "ఆ అమ్మాయిదా? అయిపోయిందిగా! పోయిన సంక్రాంతికి తెల్లబ్బాయి వచ్చి తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు" అని చెప్పింది. ఆవిడ దృష్టిలో తాంబూలాలు పుచ్చుకుంటే సగం పెళ్లయినట్టే. ఆయన అది రాసుకుపోయాడు. జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది: "మీకు ముందే వివాహమైనట్టు సమాచారం ఉంది, వివరణ ఇవ్వండి." నిశ్చితార్థమంటే పెళ్లి కాదని మళ్లీ అఫిడవిట్లు, పంతులుగారి సంతకం, ఇంకో ఆరు వారాలు. ఇది చెబితే అందరూ నవ్వుతారు, నాకు మాత్రం ఆ ఆరు వారాలు నిద్ర లేదు. కాబట్టి ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఉంచండి. అబద్ధం చెప్పమని కాదు, జరిగింది జరిగినట్టు చెప్పమని. అంతకన్నా ముఖ్యం, ఫైలు నడుస్తుండగా గుళ్లో దండలు మార్చుకునే పని పెట్టుకోవద్దు. వధూవరుల్లో ఒకరు హిందువు కాకపోతే హిందూ వివాహ చట్టం కింద ఆ పెళ్లికి చెల్లుబాటు ఉండదు, కానీ విచారణకొచ్చినాయనకు ఫొటోలు మాత్రం దొరుకుతాయి.

జూన్‌లో అనుమతి వచ్చింది. అది వచ్చాక ఆరు నెలల్లోపే పెళ్లి జరగాలి, లేదంటే మళ్లీ మొదటికి. స్టాండెస్‌అమ్ట్ వాళ్లు జూలైలో ఖాళీ ఉందన్నారు. అమ్మకు చెబితే, "ఆషాఢమే, అది అయ్యాక అధిక శ్రావణం, కుదరదంటే కుదరదు" అంది. ఆ గుమాస్తాకి అధికమాసం ఎలా వివరిస్తాం? సెలవు దొరకలేదని చెప్పాం. చివరికి ఆగస్టు 25 ఖాయమైంది. శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం రోజు. అమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది. శుభలేఖలు మాత్రం అనుమతి చేతికొచ్చేదాకా అచ్చు వేయించవద్దు.

మిగతా రెండు దారుల గురించి. డెన్మార్క్ వెళ్లి చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ట్యోండర్, ఎరో లాంటి చోట్ల. అక్కడ బర్త్ సర్టిఫికెట్ గొడవ దాదాపు లేదు, వారాల్లో అయిపోతుంది, ఆ పెళ్లి జర్మనీలో చెల్లుతుంది. తొందరుంటే మంచి దారే. కానీ రేపు బిడ్డ పుడితే, ఆ బిడ్డ జననం నమోదు చేసేటప్పుడు జర్మన్ ఆఫీసు తల్లి బర్త్ సర్టిఫికెట్ అడుగుతుంది. తప్పించుకున్న పని పురిటి మంచం మీద ఎదురొస్తుంది.

ఇండియాలోనే చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, అది 30 రోజులు బోర్డు మీద ఉంటుంది, ఆపైన ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసిచ్చిన మూడు నెలల్లోపు అయిపోవాలి. జర్మన్ వరుడు పైన చెప్పిన "అడ్డేమీ లేదు" పత్రం తన ఊరి నుంచి తెచ్చుకోవాలి, వాళ్ల దేశం ఇస్తుంది. ఆ తర్వాత అమ్మాయి జర్మనీ వెళ్లాలంటే భార్యగా వీసాకు దరఖాస్తు చేయాలి. దానికి ఏ1 స్థాయి, అంటే మొట్టమొదటి మెట్టు, జర్మన్ భాష పరీక్ష పాసవ్వాలి. పెళ్లయ్యాక చదువుదాంలే అనుకోకండి, పెళ్లి మాటలతోపాటే పుస్తకం తెరవండి.

పెళ్లయ్యాక జర్మన్ పౌరుడి భార్యగా నివాస అనుమతి వచ్చింది, ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మూడేళ్లు నివాసం, అందులో రెండేళ్ల పెళ్లి ఉంటే పౌరసత్వానికి కూడా దరఖాస్తు పెట్టొచ్చు. జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటోంది కానీ మన దేశం ఒప్పుకోదు, అక్కడిది తీసుకుంటే ఇక్కడి పాస్‌పోర్ట్ వదిలేయాలి. ఆడపిల్లలు మరొకటి తెలుసుకోండి. భార్యగా వచ్చిన అనుమతి కాపురం మీద ఆధారపడి ఉంటుంది. మామూలుగా మూడేళ్లు కలిసి ఉన్నాకే విడిపోయినా ఉండే హక్కు సొంతంగా వస్తుంది. హింస లాంటి పరిస్థితుల్లో మినహాయింపు ఉంది. నాకైతే సొంత ఉద్యోగం ఉంది, ఆ ధైర్యం వేరు.

మా ఆయన ఓసీఐ కార్డుకు, అంటే ప్రతిసారీ వీసా లేకుండా ఇండియాకు వచ్చిపోయే కార్డుకు, పెళ్లి నమోదై రెండేళ్లు నిండాలి. పెళ్లి రద్దయితే కార్డూ రద్దవుతుంది. ఆ కార్డు ఉన్నా ఇక్కడ పొలం కొనడం కుదరదని తెలిసి మా మావయ్య చాలా నిరాశపడ్డాడు.

2024 మాఘంలో తణుకులో మళ్లీ పందిరేసి, జీలకర్ర బెల్లం పెట్టించారు. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అప్పట్లో దాన్ని ఫారం సి అనేవారు. హోటళ్లకే కాదు, ఇళ్లకూ వర్తిస్తుంది. మా ఆయనతోపాటు అత్తమామలు, ఆడపడుచు, నలుగురు స్నేహితులు దిగారు. నాన్న ముందురోజు రాత్రి పందిట్లో కుర్చీ వేసుకుని, ఎనిమిది పాస్‌పోర్టులు ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదకి తోసి ఒక్కొక్కరి వివరాలు ఫోన్లో ఎక్కిస్తూ కూర్చున్నారు. మూడో ఆయన దగ్గర నెట్ పోయింది.