స్పెంట్ సాల్వెంట్ ట్యాంకుకు సర్టిఫికెట్ రాసే ముందు

పాశమైలారం, బొల్లారం వైపు బల్క్ డ్రగ్ ప్లాంట్లలో వాడేసిన సాల్వెంట్లు (ద్రావకాలు), అంటే టోల్యూన్, మిథనాల్, డీసీఎం (డైక్లోరోమీథేన్) నిలవ ఉంచే ట్యాంకుల తనిఖీ నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చిన ఆథరైజేషన్ (అనుమతి) కాపీ చేత్తో పట్టుకునే ట్యాంకు దగ్గరికి వెళ్లండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో, మందుల తయారీ కింద స్పెంట్ సాల్వెంట్ నంబరు 28.6. కాపీలో ఉన్న పేరు, పరిమాణం ట్యాంకు మీద ఉన్నవాటితో సరిపోవాలి. నిలవ మామూలుగా 90 రోజులు దాటకూడదు. ఫారం 8 లేబుల్ పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ఉండాలి, తెలుగులో కూడా ఉండాలి. వానకు వెలిసిపోయిన లేబుల్ ఉన్నా లేనట్టే. అక్కడ పనిచేసే హెల్పర్‌కు ఆ ట్యాంకులో ఏముందో చెప్పేది అదొక్కటే.

తర్వాత డైక్, అంటే ట్యాంకు కారితే ద్రవం బయటికి పోకుండా చుట్టూ కట్టే గోడ. ఇక్కడ టేపు తీయండి, డ్రాయింగ్‌ను నమ్మొద్దు. ట్యాంకు సామర్థ్యంలో 110 శాతం పట్టాలన్నది మేం పాటించే లెక్క. 20 కిలోలీటర్ల ట్యాంకులు రెండు ఒకే డైక్‌లో ఉన్నాయనుకుందాం. డైక్ లోపలి కొలత 8 మీటర్లు, 4 మీటర్లు, ఎత్తు 0.75. గుణిస్తే 24 కిలోలీటర్లు. కావలసింది 22 కాబట్టి చాలామంది సరిపోయిందని రాసేస్తారు. కానీ ఒక ట్యాంకు కారితే రెండోది అక్కడే నిలబడి ఉంటుంది కదా! దాని వ్యాసం 2.5 మీటర్లయితే, అది ఆక్రమించే చోటు దాదాపు 3.7 కిలోలీటర్లు. మిగిలేది 20.3. అంటే గోడ ఎత్తు పెంచాలి. డైక్ వాల్వ్ మూసి ఉందో లేదో కూడా చూడండి. వాన నీళ్లు వదిలాక తెరిచే వదిలేసిన వాల్వ్ ఉంటే అంత గోడ కట్టీ లాభం లేదు.

బ్రీదర్ వాల్వ్ (ట్యాంకు గాలి పీల్చి వదిలేది), ఫ్లేమ్ అరెస్టర్ (బయటి మంటను లోపలికి పోనివ్వనిది) విప్పించి జాలీ పూడుకుపోయిందేమో చూడాలి. ఎర్తింగ్ మీటరుతో కొలవాలి, మేం 10 ఓమ్‌లు దాటనివ్వం. ఫ్లేంజ్‌ల (పైపుల అతుకుల) మీద జంపర్లకు (ఎర్తింగ్ తెగకుండా కలిపే తీగలకు) పెయింట్ వేసేసి ఉంటే గీకించండి.

ఇక మందం. అల్ట్రాసోనిక్ గేజ్‌ను ముందు స్టెప్ బ్లాక్ (మందం ముందే తెలిసిన మెట్ల దిమ్మ) మీద సరిచూసుకుని, ఆ తర్వాతే షెల్ (ట్యాంకు గోడ) మీద పెట్టండి. ఎక్కడ కొలవాలో సాల్వెంటే చెబుతుంది. టోల్యూన్ నీళ్లకన్నా తేలిక. అందులో కలిసిన నీరు అడుక్కు దిగుతుంది కాబట్టి తుప్పును అడుగు ప్లేటులో వెతకాలి. డీసీఎం నీళ్లకన్నా బరువు, నీటి పొర పైకి తేలుతుంది. డీసీఎం కొద్దికొద్దిగా విడిపోయి పుట్టే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆ పొరలోకే చేరుతుంది. అందుకే ద్రవం నిలిచే ఎత్తు చుట్టూ దగ్గరదగ్గరగా రీడింగులు తీసుకోండి. 304 స్టీలైతే గుంటలు, సన్న పగుళ్లు పడతాయి. వాటిని మందం గేజ్ పట్టుకోలేదు, వెల్డింగుల దగ్గర డై పెనెట్రెంట్ (రంగు ద్రవం పూసి పగుళ్లు చూసే) పరీక్ష చేయించాలి.

నాలుగేళ్ల కిందట 8.0 మిల్లీమీటర్లున్న చోట ఇప్పుడు 6.8 వచ్చిందంటే, ఏడాదికి 0.3 పోతోందన్నమాట. కనీసం 5.0 ఉండాలనుకుంటే మిగిలిన ఆయుష్షు ఆరేళ్లు. నేను అందులో సగానికే, అంటే మూడేళ్లకే, తర్వాతి తనిఖీ తేదీ వేస్తాను.

లోపలికి మనిషిని దించడం దగ్గర మాత్రం ఎవరెంత తొందరపెట్టినా వినకండి. ప్రొడక్షన్ వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అయినా ప్రతి లైనుకూ బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే పలక) పడాలి, వాల్వ్ మూశాం అంటే చాలదు. ముఖ్యంగా నైట్రోజన్ లైను. దానికి వాసన ఉండదు, లోపల ఆక్సిజన్ బాగా పడిపోతే మనిషి రెండు మూడు శ్వాసల్లోనే కూలిపోతాడు. గ్యాస్ మీటరును మ్యాన్‌హోల్ అంచున పెట్టి చూస్తే సరిపోదు. టోల్యూన్, డీసీఎం ఆవిర్లు గాలికన్నా బరువు, అడుగునే పడి ఉంటాయి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5 దాటకూడదు. మండే ఆవిరి సున్నా చూపించాలి. స్లడ్జ్‌ను (అడుగున పేరుకున్న మడ్డిని) కదిపితే మళ్లీ ఆవిరి లేస్తుంది కాబట్టి పని జరుగుతున్నంతసేపూ మీటరు లోపలే ఉండాలి.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ పెట్టిన పద్ధతి ఇది: కాంపిటెంట్ పర్సన్ (ఇలాంటి పరీక్షకు ప్రభుత్వం గుర్తించిన నిపుణుడు) స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే, దిగే మనిషికి శ్వాస పరికరం, బెల్టు, తాడు ఉండి, తాడు రెండో కొస బయటున్న మనిషి చేతిలో ఉండాలి. సర్టిఫికెట్ ఉన్నా తాడు లేకుండా నేను ఎవరినీ దిగనివ్వను. లోపల పడిపోయినవాణ్ని తీయబోయి పోయినవాళ్లు ఇలాంటి ప్రమాదాల్లో చాలామంది. దీపం 24 వోల్టులు దాటకూడదు, ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండాలి.

ప్యాచ్ వేయాల్సి వస్తే, ఆవిరి పూర్తిగా పోయిందని తేలేదాకా గ్రైండర్ కూడా ముట్టించొద్దు. రిపేరయ్యాక నీళ్లు నింపి ఒక రాత్రంతా ఉంచి, పొద్దున్నే ప్రతి వెల్డింగునూ చేత్తో తడిమి చూడండి.

సర్టిఫికెట్‌లో ట్యాంకు నంబరు, గేజ్ క్యాలిబ్రేషన్ తేదీ, రీడింగుల పటం, కనిపించిన లోపం, దాన్ని సరిచేసిన తేదీ, తర్వాతి తనిఖీ తేదీ ఉండాలి. "బాగుంది" అన్న ఒక్క మాట రాయమంటే సంతకం పెట్టకండి. వ్యర్థాల లెక్క రాసే ఫారం 3 రిజిస్టరు రోజువారీగా నింపిస్తే, జూన్ 30లోపు పీసీబీకి పంపే ఫారం 4 వార్షిక రిటర్న్‌కు ఎవరూ అంకెలు వెతుక్కోనక్కర్లేదు.