ఐదో తరగతి లోపే కెరీర్ గైడెన్స్: పర్లాకిమిడి వైపు బడుల్లో ఎలా మొదలుపెట్టాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళల్లో పిల్లల దారి పదో తరగతి దాకా ఆగదు, ఐదు పూర్తయ్యేసరికే సగం తేలిపోతుంది. ఒడియా మీడియంలో వేయాలా, ఇంగ్లీషులోనా, లేక శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మగారింట్లో ఉంచి తెలుగులో చదివించాలా? చాలామంది దగ్గర్లో ఏ బడి ఉంటే అందులో వేసేస్తారు. అందుకే ప్రైమరీ బడిలోనే కెరీర్ గైడెన్స్ కావాలి. ఖర్చేం లేదు, నెలకో గంట చాలు.

టీచర్లూ, మూడో తరగతి నుంచి మొదలుపెట్టండి. "పెద్దయ్యాక ఏమవుతావ్?" అని మాత్రం అడగొద్దు. డాక్టర్, పోలీస్, టీచర్ అంటారు, వాళ్ళు చూసింది అంతే కదా పాపం. "మీ వీధిలో ఎవరెవరు ఏం పని చేస్తారు, అది వాళ్ళకి ఎవరు నేర్పారు?" కనుక్కుని రమ్మనండి. జవాబులన్నీ బోర్డు మీద రాయండి.

తర్వాత పని జరిగే చోటికి తీసుకెళ్ళండి. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళున్నారు. పశువు కొమ్మును వేడిచేసి, మెత్తబడగానే వంచి, నునుపుగా రుద్ది బొమ్మ తీస్తారు. వేడి ఎక్కువైతే ఏమవుతుంది, ఒక్కో బొమ్మకి ఎంతసేపు పడుతుంది, ఎంతకి అమ్ముతారు, ఇవన్నీ పిల్లల చేతే అడిగించండి, సైన్సూ లెక్కలూ అక్కడే వచ్చేస్తాయి. ఏఎన్ఎంని, లైన్‌మన్‌ని, రైల్వేవాళ్ళని బడికే పిలవొచ్చు. పది తర్వాత ఐటీఐ చేసినా, సరైన ట్రేడ్ అయితే, అసిస్టెంట్ లోకో పైలట్ (రైలింజన్ డ్రైవర్‌కి సహాయకుడు) పరీక్ష రాయొచ్చని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? ఉద్యోగం చేసే ఆడవాళ్ళని తప్పకుండా పిలవండి, ఆడపిల్లల కోసమే కాదు, మగపిల్లలూ చూడాలి. ఏ పిల్లకీ "నువ్వు ఇంజనీరువే" అని ముద్ర వేయకండి. ఆ వయసులో ఇష్టాలు మారతాయి, మారనివ్వండి.

అసలు పని పెద్దవాళ్ళతో ఉంది. పిల్లలు నాలుగులో ఉండగానే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెప్పండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలని అడుగుతారు. కాబట్టి ఏ మీడియంలో వేసినా ఒడియా వదిలేయొద్దు, తెలుగు ఇంట్లో చదివించండి.

తల్లిదండ్రులకి చెప్పాల్సిన రెండో సంగతి నవోదయ, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడి. ఆరులో సీటొస్తే పన్నెండు దాకా చదువు, హాస్టల్, భోజనం ఉచితం. పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, సగం మెంటల్ ఎబిలిటీవే, అంటే బుర్రపెట్టి ఆలోచించి చెప్పేవి. ఒక్కసారే రాయనిస్తారు. ఏ జిల్లాలో సీటు అడుగుతారో ఐదో తరగతి ఆ జిల్లాలోనే చదువుతూ ఉండాలి, అందుకని అమ్మమ్మగారి ఊరికి పంపే ఆలోచన ఉంటే నాలుగు అయ్యేలోపే తేల్చుకోండి. పరీక్ష ఏ భాషలో రాయాలో ఫారంలోనే ఎంచుకోవాలి. బిడ్డ ఏ భాషలో లెక్క చదివి తడుముకోకుండా చేస్తుందో ముందు టీచర్ని అడిగి, ఆ తర్వాతే టిక్ పెట్టండి.