నీతి ఆయోగ్‌ను రాష్ట్రం ఏది అడగాలి, ఎలా అడగాలి

కేంద్రానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్ దగ్గర పంచిపెట్టే డబ్బు లేదు. పాత ప్రణాళికా సంఘం రాష్ట్రాల వార్షిక ప్రణాళికలకు ఆమోదం వేసేది, నిధులూ ఇచ్చేది. 2015 జనవరి 1న కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో నీతి ఆయోగ్ వచ్చింది గానీ, ఆ ఖజానా తాళం దాని చేతికి రాలేదు. దాని బలం వేరే చోట ఉంది. ముఖ్యమంత్రులందరినీ, కేంద్ర శాఖలనూ ఒకచోట కూర్చోబెట్టగలదు, లెక్కలు ముందు పెట్టి మాట్లాడించగలదు. రాష్ట్ర ప్రణాళికా శాఖలో నోట్ తయారుచేసేవారు ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

ముందు సమస్యను వేరుచేయండి. పన్నుల్లో వాటా, రెవెన్యూ లోటు గ్రాంటు అయితే 280వ అధికరణ కింద ఏర్పడే ఆర్థిక సంఘానికి చెప్పుకోవాలి. అప్పుల పరిమితి ఆర్థిక శాఖ వ్యవహారం. కృష్ణా జలాల వాటా ట్రైబ్యునల్‌లో తేలాలి. కేంద్ర ప్రాయోజిత పథకం (కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు భరించేది) నిబంధన మన జిల్లాలకు అతకకపోతే, లేదా రెండు మూడు కేంద్ర శాఖలు కలిస్తే తప్ప కదలని పని అయితే, అప్పుడు నీతి ఆయోగ్ తలుపు తట్టండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పల్లెలకు రోడ్లు వేసే కేంద్ర పథకం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో (రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన గిరిజన ప్రాంతాలు) కనీసం 250 జనాభా ఉండాలన్న గీత ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో అంతకన్నా చిన్న గూడేలున్నాయి. ‘గిరిజన గ్రామాలకు రోడ్లు ఇవ్వాలి’ అని రాస్తే అది వినతి మాత్రమే, దానిమీద ఎవరూ ఏమీ చేయలేరు. నోట్‌లో మార్గదర్శకాల పేరా నంబరు, ఇప్పుడున్న వాక్యం, దాని పక్కనే మీరు కోరే వాక్యం ఉండాలి. గూడెంవారీగా జనాభా, దగ్గరి తారురోడ్డుకు దూరం, గత మూడేళ్లలో డోలీపై ఆసుపత్రికి మోసుకొచ్చినవారి సంఖ్య, అదనపు ఖర్చు కూడా చేర్చండి. రెండు పేజీలు చాలు, పట్టికలు అనుబంధంలో పెట్టండి.

ఇక్కడ తరచూ దెబ్బతినేది జనాభా దగ్గరే. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానిది, రోడ్డు కావాల్సింది దాని శివారు గూడేనికి. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) జాబితా ఒకటి, పంచాయతీరాజ్ ఇంజినీర్ల జాబితా మరొకటి అయితే ఢిల్లీలో మొదటి ప్రశ్నకే నోట్ పడిపోతుంది. పంపే ముందే రెండు శాఖల సంతకాలతో ఒకే జాబితా చేయండి. ఉన్న వెసులుబాటు వాడారో లేదో కూడా చూసుకోండి. దగ్గర దగ్గరగా ఉన్న గూడేల జనాభాను కలిపి లెక్కించే వీలు ఆ పథకంలోనే ఉంది: మామూలుగా 500 మీటర్ల లోపు, కొండల్లో నడకదారిన 1.5 కిలోమీటర్ల లోపు. అది వాడకుండా నిబంధన మార్చమంటే మాటకు విలువుండదు.

తర్వాత తోడు వెతకండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్‌లలోనూ ఐదో షెడ్యూలు ప్రాంతాలున్నాయి. ఒక్క రాష్ట్రం అడిగితే ప్రత్యేక కోరిక అంటారు, నలుగురు అడిగితే విధానం అవుతుంది. కేంద్ర ప్రాయోజిత పథకాలను సరిదిద్దడానికి 2015లో నీతి ఆయోగ్ వేసిన ముఖ్యమంత్రుల ఉపసంఘం ఇందుకు మంచి రుజువు. అప్పటి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ కన్వీనర్, తెలంగాణ కూడా సభ్యురాలు. చాలా పథకాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాల పద్ధతి, పథకం కేటాయింపులో 25 శాతం దాకా రాష్ట్రం తన అవసరాన్ని బట్టి వాడుకునే ఫ్లెక్సీ ఫండ్ ఆ కసరత్తు నుంచే వచ్చాయి.

ప్రధాని అధ్యక్షతన ముఖ్యమంత్రులు కూర్చునే నీతి ఆయోగ్ పాలక మండలి సమావేశంలో ముఖ్యమంత్రికి దొరికేది కొద్ది నిమిషాలు. ముప్పై కోరికలు చదివిస్తే ఒక్కటీ నిలవదు, రెండు చెప్పించండి. మిగతావి రాతప్రతిలో ఇవ్వండి. 2022 ఆగస్టు సమావేశానికి అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ నిరసనగా వెళ్లలేదు. అలాంటి నిర్ణయం రాజకీయ నాయకత్వం హక్కు. అప్పుడు కూడా శాఖ తయారుచేసిన నోట్ మాత్రం ఆగకూడదు. ఎందుకంటే, కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే 263వ అధికరణ కింది అంతర్రాష్ట్ర మండలి 2016 జులైలో సమావేశమయ్యాక ఏళ్ల తరబడి కూర్చోలేదు. కాబట్టి ముఖ్యమంత్రులందరికీ వేరే బల్ల దొరకడం కష్టం.

సమావేశం అయ్యాక ఉత్తర్వు నీతి ఆయోగ్ నుంచి రాదు, పథకం నడిపే శాఖ నుంచే రావాలి. అందుకే నోట్ ప్రతి మొదటి రోజే ఆ శాఖ కార్యదర్శికీ పంపండి. కేంద్ర పథకాల కొనసాగింపును ఆర్థిక సంఘం అయిదేళ్ల గడువుతో ముడిపెట్టి చూస్తారు. అంతకుముందు నీతి ఆయోగ్‌లోని మూల్యాంకన కార్యాలయం పథకాలను మదింపు చేస్తుంది. మీ పట్టికలు ఆ మదింపు బృందం చేతికి అప్పుడే అందాలి. మార్గదర్శకాలు అచ్చయ్యాక అందితే మళ్లీ అయిదేళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు.