పాత లారీ స్టార్ట్ అందుకోవట్లేదా? సెల్ఫ్ విప్పేముందు ఇవి చూడండి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి లోడుతో వచ్చి చెన్నై మాధవరం లారీ టెర్మినల్లోనో రెడ్‌హిల్స్ రోడ్డు పక్కనో రాత్రి ఆపిన లారీ పొద్దున కదలనంటే, వెంటనే సెల్ఫ్ మోటారు (ఇంజిన్ను తిప్పి స్టార్ట్ చేసేది) దింపించకండి. మోటారు బాగానే ఉండి, దానికి చేరాల్సిన కరెంటు దారిలోనే ఆగిపోవడం పాత బళ్లలో మామూలు. దింపడానికీ ఎక్కించడానికీ కూలి పోతుంది, అసలు రోగం అలాగే ఉంటుంది.

ఇక్కడ చెప్పేవి కామన్ రైల్ (కంప్యూటరు అదుపులో, అధిక ఒత్తిడితో డీజిల్ కొట్టే పద్ధతి) రాకముందు, మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే బళ్లకు. ముందు గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. చేతికి ఉంగరం, కడియం, వాచీ ఉంటే తీసేయండి. బ్యాటరీ దగ్గర అవి పానా కంటే ప్రమాదం.

తాళం తిప్పి వినండి

టకటకమని వరసగా కొట్టుకుంటుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్కసారి గట్టిగా "టక్"మని ఆగిపోతే సొలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పని చేసింది కానీ మోటారు తిరగలేదు: లోపలి రాగి కాంటాక్టులు కాలి ఉండవచ్చు, కార్బన్లు అరిగి ఉండవచ్చు, లావు కేబుల్ పాడై ఉండవచ్చు. గిర్రుమని మోటారు తిరిగి ఇంజిన్ కదలకపోతే మోటారు పళ్లచక్రాన్ని ఇంజిన్‌కి తగిలించే బెండిక్స్ పోయింది. అప్పుడు మాత్రం మోటారు దింపాల్సిందే.

అసలు చప్పుడే లేదంటే ముందు బ్యాటరీ కటాఫ్ స్విచ్, ఫ్యూజులు చూడండి. తర్వాత సొలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు దగ్గర టెస్ట్ బల్బు పెట్టి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. బల్బు వెలిగితే తాళం వైపు అంతా బాగున్నట్టే, లోపం సొలినాయిడ్‌లోనో, కింద చెప్పిన ఎర్త్‌లోనో ఉంది. వెలగకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, వాటి మధ్య వైరు వెతకాలి. సొలినాయిడ్ మీది లావు బోల్టులు రెండింటినీ స్క్రూడ్రైవరుతో కలిపి స్టార్ట్ చేసే అలవాటు మానుకోండి. ఆ దారిలో వందల ఆంపియర్లు పారతాయి. పైగా గేరులో ఉన్న బండి కింద మనిషి ఉండగానే ముందుకు దూకుతుంది.

బ్యాటరీలు రెండూ విడివిడిగా

పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. రెండు కలిపి 24 పైన చూపిస్తే చాలనుకోవద్దు. ఒక్కోదాన్ని విడిగా కొలవండి. రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2కి దిగిందంటే సగమే మిగిలింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక్కో బ్యాటరీ 9.6 కంటే, అంటే రెండూ కలిపి 19 కంటే, దిగకూడదు. హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత కొలిచేది) చూస్తే ఆరు సెల్లుల్లో మిగతావి 1.250 ఉండగా ఒకటి 1.200కి పడితే ఆ సెల్లు పోయినట్టే.

ఒక్కటే తరచూ దిగిపోతుంటే, పాటల సెట్టుకో సెల్‌ఫోన్ చార్జరుకో 12 వోల్టులు కావాలని ఎవరో ఆ ఒక్కదాని నుంచే వైరు లాగారేమో చూడండి. అది అరకొరగా ఖాళీ అవుతూ ఉంటే, ఆల్టర్నేటరు రెంటినీ ఒకేలా చార్జ్ చేయబోయి రెండోదాన్ని ఉడికిస్తుంది. ఆ వైరు పీకి 24-12 కన్వర్టర్ పెట్టించండి. బ్యాటరీలు మార్చాలంటే జతగానే మార్చండి.

ఎర్త్: అందరూ వదిలేసేది

ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. కాబట్టి చాసిస్‌కీ ఇంజిన్‌కీ మధ్య అల్లిక రాగి పట్టీ లేకుండా కరెంటు తిరిగి రాదు. ఎన్నూరు, హార్బర్ వైపు ఉప్పుగాలికి ఈ పట్టీ బోల్టు కింద తుప్పు, రాగిలో పచ్చ చిలుము పడతాయి. పైకి బిగువుగానే కనిపిస్తుంది.

పరీక్ష సులువు. ఇంజిన్ అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి ఉంచండి. మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస బ్యాటరీ నెగటివ్ సీసపు కొమ్మ మీదే (క్లాంపు మీద కాదు), రెండో కొస ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని చోట ఆనించండి. అయిదు సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు లోపు వస్తే ఎర్త్ బాగుంది. ఒకటి దాటితే పాడైంది. మీటరు లేకపోతే, సెల్ఫ్ కొట్టిన వెంటనే ప్రతి జాయింటు పక్కన వేలు ఆనించి చూడండి. వేడెక్కిందే చెడ్డ జాయింటు.

బాగు చేసేటప్పుడు నెగటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి. లోహం మెరిసేదాకా ఎమిరీ పేపరుతో రుద్ది, బిగించాక పైన వ్యాజిలైన్ రాయండి.

సెల్ఫ్ జోరుగా తిరిగినా అందుకోకపోతే

సైలెన్సర్ చూడండి. పొగే లేకపోతే డీజిల్ చేరట్లేదు. తెల్ల పొగ వస్తే డీజిల్ చేరుతోంది కానీ మండట్లేదు: నాజిళ్లు, కంప్రెషన్, పంపు టైమింగ్ చూడాలి.

పొగ లేనప్పుడు స్టాప్ కేబుల్ ఇరుక్కుని పంపు మీది లివరు వెనక్కి రాలేదేమో మొదట చూడండి. తర్వాత డీజిల్ లైన్లో చేరిన ఎయిర్ (గాలి) తీయండి. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, నురగ పోయి తేట డీజిల్ వచ్చేదాకా చేతి ప్రైమర్ కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించండి. పంపు మీది స్క్రూకీ అంతే. ఆ తర్వాతా రాకపోతే నాజిల్ పైపుల నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. కామన్ రైల్ బండికి మాత్రం ఈ నట్లు ముట్టుకోవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

రోజూ ఎయిర్ పడుతుంటే ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. ఆ భాగంలో డీజిల్ బయటికి కారకపోవచ్చు, తడి కోసం వెతికి లాభం లేదు. ఫీడ్ పంపుకి వేరే ట్యూబు తగిలించి, రెండో కొస శుభ్రమైన డీజిల్ డబ్బాలో ముంచి నడపండి. అలా నిలకడగా నడిస్తే ఆ పాత లైనూ, బ్యాంజో బోల్టుల (డీజిల్ లోపలి నుంచి పారే బోలు బోల్టులు) రాగి వాషర్లూ మార్చండి. విప్పిన వాషర్ మళ్లీ వేయకండి.

సెల్ఫ్ ఒక్కసారికి 10-15 సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో నిమిషం ఆగాలి, లేకపోతే బాగున్న మోటారే కాలిపోతుంది.

నీళ్లలో మునిగిన బండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు చెన్నైలో నిలిచినట్టు నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాకా వచ్చి ఉంటే, తాళమే తిప్పకండి. నీళ్లు ఒత్తిడికి కుదించుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ విప్పేయండి. నాజిళ్లు తీసి, ఇంజిన్ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పితే నీళ్లు ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. ఆయిల్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే ఆయిలూ, ఫిల్టరూ మార్చేదాకా స్టార్ట్ చేయొద్దు. గేరుబాక్సు, హౌసింగ్ (వెనక ఇరుసు) ఆయిల్ కూడా దించి చూడండి.