తమంతట తాము కదిలే కణాలు – 4వ పాఠం: నడిచేవీ నడవనివీ వేరుపడడం

పోయిన పాఠంలో కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఒకే రకం కణాలతో గుంపు కట్టించాం. ఈసారి సగం కణాలకు నడక తీసేద్దాం. 2,000లో 1,000 చలకణాలు, తమంతట తాము నడుస్తాయి. మిగతా 1,000 జడకణాలు, ఎవరైనా తోస్తేనే కదులుతాయి. వీటి మధ్య ఆకర్షణ ఏమీ లేదు, తోపులాటే. అయినా వేరుపడతాయి.

ముందు అంకెలు. కణం వ్యాసం 1, చలకణం వేగం 1. దిశ మారే రేటు 0.025, అంటే అడ్డు లేకపోతే కణం దాదాపు 40 వ్యాసాల దూరం ఒకే దిక్కుగా పోతుంది. పెట్టె వైపు 51.2 పెడితే కణాలు 60 శాతం జాగా నింపుతాయి. కుడి అంచు దాటిన కణం ఎడమ నుంచి రావాలి. రెండు కణాలు ఎంత చొచ్చుకుంటే దానికి 100 రెట్ల వేగంతో ఒక్కొక్కటీ వెనక్కి జరగాలి. కాలపు అడుగు 0.001. దీన్ని 0.01 చేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ, కణాలు వెనక్కి జరగాల్సిన దానికి రెట్టింపు ఎగిరిపడి, పెట్టె అంతా మరిగే నీళ్లలా కనిపిస్తుంది.

చలకణం దిశకోణానికి ప్రతి అడుగులోనూ గాసియన్ సంఖ్యను (సగటు 0, ప్రామాణిక విచలనం 1 ఉన్న యాదృచ్ఛిక సంఖ్య) 0.00707తో గుణించి కలపండి. అది 2 × 0.025 × 0.001కి వర్గమూలం. చాలామంది తప్పేది ఇక్కడే. వర్గమూలంలో 0.001 మర్చిపోతే దిశ వెయ్యి రెట్లు వేగంగా మారి, ఎన్ని రోజులు నడిపినా గుంపు కట్టదు. అందుకే తోపుడు బలం ఆపేసి 2,000 కణాలనూ చలకణాలుగానే 40,000 అడుగులు నడపండి. మొదటి దిశకూ ఇప్పటి దిశకూ మధ్య కోణం కొసైన్ సగటు 0.37 దగ్గర రావాలి. 0.34 – 0.40 దాటితే ముందుకు వెళ్లకండి.

పొరుగు కణాలను వెతకడానికి జతలన్నీ చూస్తే అడుగుకు దాదాపు 20 లక్షలు. పైథాన్ లెక్కల లైబ్రరీ సైపైలో దగ్గరి బిందువులను త్వరగా వెతికే కేడీ ట్రీ ఉంది. దానికి పెట్టె కొలత ఇస్తే అంచులు కూడా అదే చూసుకుంటుంది. ఒక్క చిక్కుంది. కణం సున్నాకు వెంట్రుకవాసి కిందకు జారితే, దాన్ని పెట్టెలోకి తేవడానికి 51.2తో భాగించి శేషం తీసినప్పుడు సరిగ్గా 51.2 వస్తుంది. ట్రీ దాన్ని ఒప్పుకోక ప్రోగ్రామును ఆపేస్తుంది. ఆ విలువ కనిపిస్తే సున్నా చేసేయండి.

మొదటి 5,000 అడుగులు నడక లేకుండా తోపుడుతోనే నడిపి చొచ్చుకున్నవాటిని విడదీయండి. తర్వాత 10 లక్షల అడుగులు. ప్రతి 10,000 అడుగులకూ స్థానాలనూ దిశకోణాలనూ ఫైల్లో దాచండి, బెంగళూరు వర్షాకాలంలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి నడపనక్కర్లేదు.

ఇక కొలత. ఒక కణానికి 1.5 దూరంలో ఉన్న పొరుగువాటిలో దాని రకానివే ఎంత వంతో చూడండి. కనీసం నాలుగు పొరుగు కణాలున్న వాటినే లెక్కలోకి తీసుకోండి. లేకపోతే ఖాళీలో ఒంటరిగా తిరిగేవి సున్నాతో భాగహారం తెస్తాయి. బాగా కలిసి ఉంటే సగటు 0.5. అది పైకి ఎక్కిన కొద్దీ రకాలు వేరుపడుతున్నట్టు.

ఎందుకు వేరుపడతాయి? బెంగళూరులో ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలిని తలుచుకోండి. ఇరుకైన చోట బండి నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోటే ఇంకా ఇరుకవుతుంది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. గుంపులో ఇరుక్కున్న చలకణం ముఖం తిరిగేదాకా ఎదుటివాటిని నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడుకు జడకణాలు ఒకచోట కుదించుకుపోతాయి. ఆ ముద్ద లోపల నెట్టేదెవరూ లేరు, కాబట్టి లోపలి నుంచి పగలదు. చిత్రం గీస్తే చలకణాల మధ్య జడకణాలు తెప్పల్లా కనబడతాయి. 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే భౌతికశాస్త్ర పత్రికలో వచ్చిన సిమ్యులేషన్లలో, 15 శాతం చలకణాలున్నా మిశ్రమం ఒత్తుగా ఒకచోట, పలచగా ఒకచోట విడిపోయింది.

జడకణాలను వట్టి అడ్డంకులనుకోకండి. బెంగళూరు ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) భౌతికశాస్త్రవేత్తలు అజయ్ సూద్, శ్రీరామ్ రామస్వామిల బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, అదిరే పళ్లెం మీద 4.5 మిల్లీమీటర్ల ఇత్తడి పుల్లలను 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం పూసల మధ్య వేశారు. దూరదూరంగా ఉన్న పుల్లలు కూడా, అవి కదిలించిన పూసల ప్రవాహం వల్లే ఒకే దిక్కుకు తిరిగాయి.

అభ్యాసం: చలకణాలను 15 శాతానికి తగ్గించండి. గుంపు రాకపోతే దిశ మారే రేటును 0.01 చేయండి. అప్పుడు కణం 100 వ్యాసాలు నేరుగా పోతుంది, 51.2 పెట్టె చాలదు. వైపును 102.4, కణాలను 8,000 చేయండి.