సమీక్ష రాయడం నేర్చుకుందాం, 4వ పాఠం: ‘జీవించాడు’ అనకుండా నటన గురించి రాయడం

పోయిన పాఠంలో కథంతా చెప్పొద్దన్నాను కదా, దాన్ని మరీ గట్టిగా పట్టుకున్నారు. గురజాడ నాటకం కన్యాశుల్కం మీద మీరు పంపిన సమీక్షల్లో, అందులోని మాటకారి మోసగాడు గిరీశం ఎవరో కూడా లేదు. అది నేను సరిగ్గా చెప్పకపోవడం వల్లే. మీ మాట అర్థం కావడానికి ఎంత కథ కావాలో అంత చెప్పండి, రెండు వాక్యాలు చాలు.

నన్ను బాధపెట్టింది వేరే. కథ తీసేసిన ఖాళీలోకి అందరికీ ఒకే వాక్యం వచ్చి కూర్చుంది: ‘నటించాడు అనడం కంటే జీవించాడు అనాలి.’ దాని వెనకే ‘మిగతావారు తమ పరిధి మేరకు నటించారు.’ ఈ రెండూ ఏ నాటకానికైనా, సినిమాకైనా, సీరియల్‌కైనా అతుకుతాయి. అంటే చూడకుండానే రాసేయొచ్చు.

నాటకం మొదట్లో గిరీశం విజయనగరంలోని బొంకులదిబ్బ మీద ఒంటరిగా తనలో తను మాట్లాడుకుంటాడు. ఒక నటుడు ముందుకొచ్చి, మనల్ని జట్టులో కలుపుకుంటున్నట్టు చెబుతాడు. ఇంకో నటుడు ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూసుకుంటూ చెబుతాడు. మొదటివాడితో మనం నవ్వుతాం, రెండోవాడి అప్పులు మనకి టెన్షన్ పెడతాయి. ఇద్దరూ జీవించారని రాస్తే ఆ తేడా ఎక్కడికి పోయింది? పైగా 1955 సినిమాలో ఎన్టీ రామారావు వేసిన గిరీశానికి కనుబొమ్మ కదిపినా చాలు, కెమెరా దగ్గరికొస్తుంది. నాటకాలాడే విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో చివరి వరసకి కనుబొమ్మ కనపడదు, అక్కడ భుజాలూ గొంతూ పని చెయ్యాలి. అందుకే నాటకానికీ సినిమాకీ ఒకే కొలత పెట్టకండి.

గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకం చూసే పెద్దవాళ్లని గుర్తు తెచ్చుకోండి. రాయబారం కథ వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర మాట్లాడుకునేది ఏంటంటే, రాగం ఎక్కడ ఎత్తుకున్నాడు, ఎక్కడ ఊపిరి చాల్లేదు, వన్స్‌మోర్ కొడితే రెండోసారి అదే ఊపుతో పాడాడా, నీరసపడ్డాడా. సమీక్షంటే అదే. నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

నా పద్ధతి ఒకటి చెబుతాను. టికెట్ వెనక మూడు క్రియలు మాత్రమే రాసుకుంటాను. ‘ఆగింది, కొంగు సర్దుకుంది, తల తిప్పుకుంది.’ ‘అద్భుతం’ లాంటి మాట ఒక్కటీ రాసుకోను. ఇంటికొచ్చాక ఆ మూడింటి నుంచే సన్నివేశం మొత్తం గుర్తొస్తుంది.

నవలకీ ఇంతే, శైలి బాగుందనకుండా ఒక వాక్యం ఎత్తి చూపించండి. బొమ్మల ఎగ్జిబిషన్ సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: మీకు నచ్చిన సినిమాలో రెండు మూడు డైలాగులే ఉన్న ఒక నటిని గానీ నటుణ్ని గానీ ఎంచుకోండి, పనిమనిషో కండక్టరో ఎవరైనా సరే. సినిమా రెండుసార్లు చూడండి, రెండోసారి ఆ మనిషి తెర మీద ఉన్నంతసేపూ ఇంకెవర్నీ చూడకండి. 150 మాటలు రాయండి. హీరో పేరు ఎక్కడా రాకూడదు.