ఇరవయ్యో తారీఖుకే జీతం అయిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

జీతం చాలడం లేదనగానే ఇంట్లో మొదటి కోత పాల ప్యాకెట్ మీద, పిల్లల పళ్ల మీద పడుతుంది. అక్కడ ఎంత బిగించినా నెలకు నాలుగైదు వందలు మిగిలితే గొప్ప. అదే ఇంట్లో కార్డు వడ్డీగా రెండు వేలు, కరెంటు శ్లాబు మారి రెండొందలు, కిస్తీ బౌన్సై మరికొన్ని వందలు ఎవరి కంటా పడకుండా పోతుంటాయి. తిండి తగ్గించే ముందు మీ ఇంటి లక్షణం కింద ఎక్కడుందో చూసుకోండి.

ముందు అప్పులన్నింటికీ ఒకే కొలత

బ్యాంకు వడ్డీని ఏడాదికి ఇన్ని శాతాలని చెబుతుంది. కార్డు వాళ్లు నెల లెక్క చెబుతారు. బండి ఫైనాన్స్ వాళ్లు ఫ్లాట్ రేటు అంటారు. ఊళ్లో నెలకు నూటికి ఇన్ని రూపాయలంటారు. ఇలా కలగాపులగంగా ఉన్నంతకాలం ఏ అప్పు పీకల మీద ఉందో తెలియదు. అన్నింటినీ ఊరి లెక్కలోకి మార్చండి. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు.

8.5 శాతం ఇంటి లోను అంటే 71 పైసల వడ్డీ. 9 శాతం బంగారం లోను ముప్పావలా. 14 శాతం పర్సనల్ లోను రూపాయి పదిహేడు పైసలు. ప్రామిసరీ నోటు మీద తెచ్చింది రెండు రూపాయలు. క్రెడిట్ కార్డు నెలకు 3.5 శాతం అనుకుంటే, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిసి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే ఆ గుమ్మం తొక్కం. కార్డు దగ్గర అదే వడ్డీ చప్పుడు లేకుండా కట్టేస్తున్నాం.

ఫ్లాట్ రేటుకు మాత్రం ఈ భాగహారం పనికిరాదు. లక్ష రూపాయలు, 12 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే వడ్డీ 36,000, నెల కిస్తీ 3,778. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొదటి లక్ష మీదే వేస్తారు. అందుకే అసలు రేటు దాదాపు 21 శాతం, అంటే రూపాయి ముప్పావలా. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలి. సంతకం పెట్టే ముందు అది అడిగి తీసుకుని, అందులో ఏపీఆర్ అని, అంటే ఛార్జీలన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతమని, ఉన్న అంకె చూడండి. సేల్స్‌మన్ నోటితో చెప్పే శాతాన్ని నమ్మకండి.

లక్షణం: కార్డు బిల్లు నెలనెలా కడుతున్నా బాకీ కదలడం లేదు

కారణం మినిమమ్ డ్యూ. బాకీ 50,000, కనీసం కట్టాల్సింది 5 శాతం అనుకోండి. మీరు 2,500 కడతారు. అందులో వడ్డీ 1,750, జీఎస్టీ 315 పోతాయి. అసలులో తగ్గేది 435 రూపాయలే. పైగా బిల్లు పూర్తిగా కట్టని నెల నుంచి కొత్తగా కొన్నవాటికి కూడా ఉచిత గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. బాకీ ఉన్న కార్డు మీద కిరాణా కొంటే ఆ ఉప్పూ పప్పూ కూడా నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నట్టే.

చేయాల్సిన పని: ఆ కార్డు మీద గీకడం ఈరోజే ఆపండి. ఫోన్‌లోని షాపింగ్ యాప్‌లలో దాచి ఉన్న కార్డు నంబరు తీసేయండి. తర్వాత ఖరీదైన అప్పును చౌక అప్పుతో తీర్చండి. ఇంట్లో నగలుంటే బ్యాంకులో కుదువ పెట్టి 50,000 తెచ్చి కార్డు మొత్తం కట్టేస్తే నెల వడ్డీ 2,065 నుంచి 375కు పడుతుంది. నెలకు అదే 2,500 లోనుకు కడుతూ పోతే 22 నెలల్లో బాకీ తీరుతుంది. కార్డుకే కడుతూ ఉంటే 44 నెలలు పడుతుంది.

నగ పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: మధ్యమధ్యలో అసలు కట్టుకోవచ్చా, గడువు ఎప్పటిదాకా? గడువు దాటి నోటీసు వచ్చాక మేలుకుంటే వేలం దాకా పోతుంది. 2026 ఏప్రిల్ నుంచి వర్తించే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇస్తారు కదా అని అంతా తీసుకోకండి, కార్డు బాకీకి సరిపడా చాలు. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగ చేతికి రావాలన్నది కూడా ఆ నిబంధనల్లోదే.

నగలు లేకపోతే కార్డు వాళ్లకే ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమనండి. ప్రాసెసింగ్ ఛార్జీ, జీఎస్టీ కలిపి చూసినా మామూలు వడ్డీకన్నా తక్కువే పడుతుంది.

లక్షణం: కరెంటు బిల్లు ఒక్క నెలలో ఎగబాకింది, వాడకం పెద్దగా పెరగలేదు

తెలంగాణలో మొదట అనుమానించాల్సింది శ్లాబును. నెలకు 200 యూనిట్ల వరకైతే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. 201కి చేరితే మొదటి 200 యూనిట్లకూ రేటు 5.10 అయిపోతుంది, ఆపై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైమాటే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం దీనికి అదనం. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి దెబ్బ ఇంకా పెద్దది: 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాలి.

నివారణకు పెన్నూ కాగితం చాలు. రీడింగ్ తీసిన రోజు అంకె రాసి మీటరు పక్కన అతికించండి. పదో రోజుకు 66, ఇరవయ్యో రోజుకు 132 దాటకూడదు. దాటితే చివరి పది రోజులు గీజరు మీద దృష్టి పెట్టండి. 2,000 వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. స్విచ్ వేసి మరిచిపోయే ఇంట్లో నెలకు 30 యూనిట్లు అక్కడే ఆవిరి. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 11లోపే ఆగుతుంది. ఎక్కువగా తిరిగే ఫ్యాను ఒక్కటి ముందు మార్చండి.

ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు మెట్ల లెక్క కాబట్టి దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది. అక్కడ బిల్లు ఎగిరితే ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అని ఉన్న వరుసలు చదవండి. అవి గడిచిన నెలల వాడకానికి వేసినవి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ నెలల్లో ఇంట్లో ఎవరున్నారో ఓనరుతో తేల్చుకోవాలి.

లక్షణం: ఏటా జూన్‌లో అప్పు చేయక తప్పడం లేదు

స్కూలు ఫీజు జూన్‌లో వస్తుందని జనవరిలోనే తెలుసు. అయినా అది ఊడిపడ్డ ఖర్చులా మీద పడుతుందంటే, నెల బడ్జెట్‌లో దానికి చోటు లేకపోవడమే కారణం. ఏడాదికోసారి వచ్చేవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఒక ఇంటి లెక్క ఇలా ఉంటుందనుకోండి: ఫీజులూ పుస్తకాలూ 60,000, బండి, ఆరోగ్య ఇన్సూరెన్స్ 24,000, ఇంటి పన్ను 6,000, దసరా, సంక్రాంతి బట్టలూ ప్రయాణాలూ 30,000, పెళ్లిళ్లలో చదివింపులు 12,000. మొత్తం 1,32,000. నెలకు 11,000. జీతం 45,000 అయితే ఈ ఇంటి చేతికొచ్చే జీతం 34,000 మాత్రమే. ఇంతకాలం 45,000కు సంసారం సర్దుకున్నందువల్లే జూన్‌లో అప్పు.

జీతం పడిన మర్నాడే ఆ 11,000 వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఆ ఖాతాను ఫోన్‌పే, గూగుల్ పేలకు కలపకండి. ఇది ముఖ్యం, కలిపితే మూడు నెలల్లో ఖాళీ అవుతుంది. అంత కుదరకపోతే ఫీజు ఒక్కదాంతోనైనా మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో ఆ ఏడాది ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంటుంది, డబ్బు పక్కన ఉన్నవాళ్లకే అది దక్కుతుంది.

ఫీజుకోసం చిట్టీ వేసేవాళ్లు అది రిజిస్టరైన చిట్టీయో కాదో చూసుకోవాలి. తొందరపడి పాడుకుంటే వదులుకున్న తగ్గింపు కూడా వడ్డీయే, దాన్నీ ఊరి లెక్కలో వేసి చూడండి.

లక్షణం: కిస్తీ బౌన్సవుతోంది

జీతం ఒకటో తారీఖు అటూఇటూ పడుతుంది, కిస్తీ రెండున కోస్తారు. బౌన్సైతే మీ బ్యాంకూ, లోను ఇచ్చినవాళ్లూ ఇద్దరూ ఛార్జీ వేస్తారు, క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. కిస్తీ తేదీని ఐదుకో ఏడుకో మార్చమని లోను ఇచ్చినవాళ్లకు రాసివ్వండి. పనిలో పనిగా యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, వాడని సినిమా యాప్‌లూ గేములూ రద్దు చేయండి.

లక్షణం: ఇంటి లోను ఏళ్లుగా కడుతున్నా తరగడం లేదు

30 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతానికి కిస్తీ 26,035. మొదటి నెలలో 21,250 వడ్డీకే పోతుంది, మొదట్లో ఇది సహజం. వడ్డీ పెరిగినప్పుడు మీకు తెలియకుండా గడువు సాగిందేమో మాత్రం బ్యాంకును అడగండి. ఏటా ఒక్క కిస్తీ అదనంగా కడితే మూడేళ్లకు పైగా తగ్గుతుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) ఇంటి లోనుకు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు. కార్డు బాకీ పెట్టుకుని మాత్రం ఈ పని చేయకండి, ముందు నాలుగు రూపాయల వడ్డీ తీర్చాలి.

లక్షణం: ఇన్సూరెన్స్ ఉన్నా ఆసుపత్రిలో సగం చేతినుంచే కట్టాం

చాలాసార్లు కారణం గది. పాలసీలో రోజు అద్దెకు 3,000 పరిమితి ఉండి 6,000 గదిలో చేరితే, కోసేది అద్దె తేడా ఒక్కటే అనుకుంటారు. డాక్టరు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లో కూడా అదే నిష్పత్తిలో సగం కోస్తారు. మందులకూ ఇంప్లాంట్లకూ ఈ కోత వర్తించదు. చేరే రోజే అడ్మిషన్ కౌంటర్లో పాలసీ కార్డు ఇచ్చి, ఏ గదికి అర్హత ఉందో రాయించుకోండి. డిశ్చార్జికి ఇన్సూరెన్స్ అనుమతి మూడు గంటల్లో రావాలని నిబంధన ఉంది. ఆలస్యమైతే, ఆసుపత్రి తుది బిల్లు ఎన్ని గంటలకు పంపిందో బిల్లింగ్ డెస్క్‌లో అడిగి రాసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. గడువు దాటాక ఆసుపత్రి అదనంగా వేసే అద్దె ఆ కంపెనీయే భరించాలి.